పలకని మీట

నేను కాలేజీలో ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బతికేవాణ్ణి. మోటారు కార్లను గురించి నాకు తెలిసిన విద్యలు రెండే: ఎక్కడం, దిగడం. అల్లాంటివాడు ఈ వారం కారులో ఫ్యూజు పీకడం గురించి రాయడానికి పూనుకొన్నాడేమిటా అని పాఠకులు నవ్వుకొంటారని నాకు తెలుసు. నవ్వండి, అభ్యంతరం లేదు. కాని చివరిదాకా చదివి నవ్వండి.

2024 వేసవి సెలవుల్లో మా అక్కయ్య దగ్గరికి అమెరికా వెళ్ళాను. అక్కయ్య ఉండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరానికి అరగంట దూరంలో ఒక చిన్న ఊరు. ఆవిడకు ఏభై తొమ్మిదేళ్ళు. ఊరి గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం. బావగారు 2021 సెప్టెంబరులో పోయారు. ఒక్కడే కొడుకు, వాడు కాలిఫోర్నియాలో ఉంటాడు. "నాతో వచ్చెయ్యమ్మా" అని వాడంటాడు. "నా ఇల్లు నాకుండగా నీ దగ్గర అతిథిలా ఎందుకురా?" అని ఆవిడంటుంది. ఈ సంభాషణ ప్రతి ఆదివారం జరుగుతుంది. ఫలితం ఏ ఆదివారమూ తేలదు.

ఆ ఇంటిముందు ఒక నీలంరంగు కారు ఉన్నది. 2015లో బావగారు కొన్నది. ఏ కంపెనీదో చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, ఈ తగాదా ఒక్క కంపెనీది కాదు. ఆ కారులో, ముందు సీట్లలో కూర్చున్నవాళ్ళ తలలకు పైన, అద్దం పక్కన ఒక ఎర్రమీట ఉన్నది. దానిమీద ఎస్.ఓ.ఎస్. అని మూడక్షరాలు. పక్కనే అగ్గిపుల్ల తలంత దీపం. బావగారు తరుచు ఊళ్ళు తిరిగే ఉద్యోగి. అక్కయ్య అప్పటికి కారు నడపడం నేర్చుకొని రెండేళ్ళు కాలేదు. ఎన్ని కార్లు చూపించినా, "ఇల్లాంటి మీట ఉన్నదా?" అని అడిగి, ఉన్నదని తేలాకనే డబ్బు కట్టారట. "నేను ఊళ్ళో లేనప్పుడు ఎక్కడ చిక్కుపడ్డా ఈ మీట నొక్కు. మనిషి పలుకుతాడు. నువ్వెక్కడున్నావో నువ్వు చెప్పనక్కరలేదు, కారే చెబుతుంది" అన్నారట.

ఈ పద్ధతి ఎల్లా పనిచేస్తుందో తరవాత నేను తెలుసుకొన్నాను గనక ఇక్కడే చెప్పేస్తాను. కారు లోపల ఎక్కడో, సాధారణంగా ముందు పలకకు వెనకాల, ఒక చిన్న పెట్టె ఉంటుంది. నిజానికి అదొక సెల్‌ఫోను. దానికి తన సిమ్ము, తన యాంటెన్నా, తన మైకు ఉంటాయి. కొన్ని కార్లలో, ప్రమాదంలో పెద్ద బ్యాటరీ నుజ్జయినా పనిచేసేటట్టు, సొంతంగా ఒక చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. మీట నొక్కితే అది కంపెనీవారి కేంద్రానికి ఫోను చేస్తుంది. మనం నొక్కలేని స్థితిలో పడ్డామనుకోండి, ఎయిర్‌బాగ్ విచ్చుకోగానే ఆ వార్త పెట్టెకు అంది, అదే ఫోను చేస్తుంది. కారు ఏ రోడ్డుమీద, ఏ చోట ఉన్నదో ఉపగ్రహాల లెక్కతో తెలుసుకొని అవతలివారికి చెబుతుంది. అవతల కూర్చున్న మనిషి పోలీసులనో అంబులెన్సునో పంపుతాడు. చక్కని ఏర్పాటు. కాదనడానికి వీల్లేదు.

సరే, నేను వెళ్ళిన అయిదోరోజు ఉదయం గుడికి వెళదామని ఇద్దరం తయారై కారెక్కాము. అక్కయ్య తాళం తిప్పింది. టిక్కు టిక్కుమన్నదే గాని కారు కదలలేదు.

"మళ్ళీ చచ్చింది" అన్నది అక్కయ్య, పొరుగావిడ కూతురి పెళ్ళి మళ్ళీ తప్పిపోయిందన్నంత మామూలుగా.

ఆ నెలలో అది మూడోసారిట. బ్యాటరీ పాతదని మార్పించింది. కొత్తదీ చచ్చింది. మళ్ళీ మార్పించింది. నాలుగు రోజులు వరసగా కారు తీయకపోతే అయిదోరోజు ఇదే తంతు. పక్కింటాయన వచ్చి, తన కారు పక్కన పెట్టి, తీగలు తగిలించి బతికించడం. ఈవిడ ఆయనకు పులిహోర పంపడం. ఆ సాయంత్రం మేనల్లుడు ఫోనులో, "మావయ్యా, నువ్వయినా చెప్పు. ఆ డొక్కుకారు అమ్మించెయ్యి" అన్నాడు. అక్కయ్య వంటింట్లోంచి వింటూనే ఉన్నది. ఏమీ అనలేదు. గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా మోగాయి.

మర్నాడు ఊరి చివర ఒక మెకానిక్కు దగ్గరికి వెళ్ళాము. పెద్దవాడు, తలంతా నెరిసింది, మాట పొదుపు. కారు ఆపి, తలుపులు మూసి, తాళంచెవి దూరంగా పెట్టించి, బ్యాటరీ తీగకు ఒక మీటరు కలిపి ముప్పావుగంట ఊరికే కూర్చున్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. "కారు నిద్రపోవాలి. నిద్రపోయాక ఎంత తింటుందో చూడాలి" అన్నాడు.

ఆ లెక్క నాకు బాగా నచ్చింది. ఆగి ఉన్న కారు కూడా కాస్త కరెంటు తింటూనే ఉంటుంది: గడియారానికి, తాళాలకు, జ్ఞాపకానికి. ఏభై మిల్లీ ఆంపియర్లకు లోపు తింటే ఆరోగ్యంగా ఉన్నట్టు. అరవై ఆంపియర్-గంటల బ్యాటరీ ఆ లెక్కన ఏభై రోజులకు గాని పూర్తిగా ఖాళీ కాదు. మా కారు మూడు వందలు తింటున్నది. ఆ లెక్కన ఎనిమిది రోజుల్లో మొత్తం ఖాళీ. సగం ఖాళీ అయ్యేసరికే ఇంజనును తిప్పే సత్తువ ఉండదు గనక, నాలుగు రోజులు. అక్కయ్య చెప్పిన నాలుగు రోజులకు సరిగ్గా అతికింది.

తరవాత ఆయన ఒక్కొక్క ఫ్యూజే తీసి చూడడం మొదలుపెట్టాడు. ఒకటి తీసి పెట్టాడు, మార్పు లేదు. ఇంకొకటి. మార్పు లేదు. ఎనిమిదోదో తొమ్మిదోదో తీయగానే మీటరులో అంకె దిగ్గున పడిపోయింది. ఆయన తల పైకెత్తి ఎర్రమీటవైపు వేలు చూపించాడు.

"ఈ పెట్టె రాత్రింబవళ్ళు టవరును వెతుక్కొంటున్నది. ఆ టవరు 2022లో పోయింది. దొరకదు. దొరకలేదు గనక నిద్రపోదు" అన్నాడు.

నేను అక్కయ్యకు తెలుగులో మళ్ళీ చెప్పబోయాను, అక్కరలేకపోయినా. ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. తెల్లగా పాలిపోయింది. "అయితే జనవరిలో..." అని, మాట మధ్యలో మింగేసింది.

ఇంటికి వచ్చి కాఫీ కలిపి ఇచ్చి, అప్పుడు చెప్పింది. ఆ జనవరిలో ఒక రాత్రి గ్రంథాలయంలో ఆలస్యమయి వస్తూంటే మంచులో కారు జారి రోడ్డుపక్క కాలవలోకి ఒరిగిందిట. దెబ్బలు తగల్లేదు. కాని తలుపు తెరుచుకోలేదు. చీకటి, చలి, దారినపోయే కారు లేదు. ఎర్రమీట నొక్కింది. పక్కనున్న దీపం ఎర్రగా వెలుగుతూనే ఉన్నది. పిలుస్తున్నది కాబోలు అనుకొన్నది. కూర్చున్నది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కూర్చున్నది. నలభై నిమిషాలు. చివరకు రోడ్డుమీద మంచుతోసే బండివాడు చూసి, దిగి, తలుపు లాగి తీశాడట.

"నీ దగ్గర సెల్‌ఫోను లేదా అక్కయ్యా?" అన్నాను.

"ఉన్నదిరా. సంచిలో ఉన్నది. సంచి వెనక సీటు కిందికి దొర్లింది. వంగి, కష్టపడి తీసుకొంటే అందేదే. ఎందుకు తీస్తాను? మీట నొక్కాను గదా, వస్తున్నారు గదా అనుకొన్నాను. మీ బావ పెట్టించిన మీట పలకదని నాకెల్లా తెలుస్తుంది?"

కొడుకుతో ఈ సంగతి చెప్పలేదట. చెబితే ఆ వారమే వచ్చి ఇల్లు అమ్మించి తీసుకుపోతాడని భయం. నాతో కూడా చెప్పేది కాదు, ఆ మెకానిక్కు నోరు విప్పకపోతే.

పాఠకులారా, నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మీట అసలు లేకపోతే మా అక్కయ్య మొదటి నిమిషంలోనే ఫోను వెతుక్కొని ఉండేది. మీట ఉన్నది గనక నలభై నిమిషాలు చలిలో కూర్చున్నది. లేని వంతెన ఎవరినీ ముంచదు. విరిగి, చూడ్డానికి నిలిచి ఉన్న వంతెనే ముంచుతుంది.

తెల్లవారి, కారుతోపాటు ఇచ్చిన పుస్తకం ఎక్కడుందని అడిగాను. బావగారి బల్ల సొరుగులో చూడమన్నది. తీరా సొరుగు లాగి చూద్దును గదా, పుస్తకం అడుగున ఉన్నది. పైన విప్పని ఉత్తరాల కట్ట. ఆయన పోయిన తరవాత ఆయన పేరున వచ్చిన ఉత్తరాలను అక్కయ్య చింపడానికి మనసొప్పక, విప్పడానికి ధైర్యం చాలక అక్కడ పెడుతూ వచ్చింది. వాటిలో ఒకటి కారు కంపెనీది. ఆవిడను అడిగి విప్పాను. దాని సారాంశం ఇది: "మీ కారులోని అత్యవసర సహాయ పరికరం మూడో తరం టెలిఫోను పద్ధతిపై ఆధారపడినది. ఆ పద్ధతిని టెలిఫోను కంపెనీలు మూసివేస్తున్నందున 2022 నుంచి మీ పరికరం పనిచేయదు. చింతిస్తున్నాము."

ఉత్తరం సకాలంలోనే వచ్చింది. ఎవరికి రాశారో ఆయనే లేడు. మనిషి పోయిన సంగతి కారు కంపెనీకి తెలియదు; టవరు పోయిన సంగతి మనిషి భార్యకు తెలియదు. కారు మాత్రం ఇద్దరి తరఫునా రాత్రంతా మేలుకొని పిలుస్తూ కూర్చున్నది.

ఇందులో ఉన్న సంగతి కొంచెం వివరిస్తాను. 2022 ఫిబ్రవరి 22న ఏటీ అండ్ టీ వారు, అదే సంవత్సరం డిసెంబరు 31న వెరైజన్ వారు అమెరికాలో మూడోతరం టెలిఫోను వ్యవస్థను మూసివేశారు. టీ-మొబైల్ వారూ ఆ సంవత్సరమే మూశారు. ఆ తరంగాలను కొత్త పద్ధతులకు వాడుకోవాలి గనక మూయడంలో వింత లేదు. అంతకు ముందూ ఇల్లా జరిగింది. జనరల్ మోటార్స్ వారు ఆన్‌స్టార్ అనే ఇల్లాంటి ఏర్పాటును 1996లో ప్రకటించారు. మొదట్లో ఆ కార్లు పాత అనలాగ్ పద్ధతిలో మాట్లాడేవి. 2008 ఫిబ్రవరి 18తో ఆ పద్ధతిని నిలిపి ఉంచాలన్న ప్రభుత్వ నిబంధన తీరిపోయింది. ఆ పాత కార్లు చాలావాటికి నోరు పడిపోయింది. పద్నాలుగేళ్ళ తరవాత మళ్ళీ అదే కథ. అమెరికాలో రోడ్డుమీద తిరిగే కార్ల సగటు వయస్సు పన్నెండేళ్ళు దాటింది. టెలిఫోను పద్ధతులూ కలకాలం ఉండవు. ఆ పద్ధతి ముసలిదయ్యాక దాన్ని కొత్తకారులో బిగించి అమ్మితే, కారుకన్న ముందు మీట చస్తుంది. ఈ లెక్క కట్టడానికి తెలుగు మేష్టరు చాలు.

రెండు రోజులు అక్కయ్య ఆ ఊసెత్తలేదు. మూడోనాడు నేనే కదిపాను. ఫ్యూజు పీకించేద్దామన్నాను.

"తీసేస్తే మీ బావ పెట్టించినది పోతుందిరా" అన్నది.

"అక్కయ్యా, బావగారు డబ్బు కట్టింది అవతల పలికే మనిషికోసం. ఆ మనిషి 2022లోనే కుర్చీ దిగి వెళ్ళిపోయాడు. ఖాళీ కుర్చీకి ఫోను చేస్తూ నువ్వు మంచులో కూర్చుంటే బావగారు ఊరుకొంటారా?"

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "సరే పద. కాని ఆ మీట పీకెయ్యనివ్వను. దాన్ని అక్కడే ఉండనీ" అన్నది. ఒప్పుకొన్నాను.

ఇది తెలిసి చేయవలసిన పని గనక, మెకానిక్కు చేసిన క్రమం రాస్తున్నాను. మొదట, కారు నంబరు చెప్పి కంపెనీవారిని అడిగించాడు: ఈ పెట్టెకు బదులు కొత్తతరం పెట్టె దొరుకుతుందా అని. కొన్ని కార్లకు దొరుకుతుంది. కొన్నింటికి కంపెనీవారే కంప్యూటరు తగిలించి ఆ పెట్టెను నిద్రపుచ్చుతారు. మా కారుకు రెండూ లేవన్నారు. అప్పుడు పుస్తకంలో పటం చూసి, ఆ ఫ్యూజుమీద ఇంకేమేమి ఆధారపడి ఉన్నాయో పరీక్షించాడు. కారు ఆపి, కొంతసేపు ఆగి ఫ్యూజు తీశాడు. సీటు కింద, స్టీరింగు దగ్గర పసుపుపచ్చ తొడుగులున్న తీగలు కనిపిస్తే మాత్రం ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. అవి ఎయిర్‌బాగ్‌లవి. మా కారులో ఎయిర్‌బాగ్‌కు ఈ పెట్టెతో నిమిత్తం లేదు. వార్త అటునుంచి ఇటు వస్తుంది గాని, ఇటునుంచి అటు పోదు. అయినా ఫ్యూజు తీశాక హెచ్చరిక దీపాలు ఏవైనా వెలుగుతున్నాయేమోనని అరగంట నడిపి చూశాడు. మీటపక్కనున్న ఎర్రదీపం ఆరిపోయింది. అంతే.

అంతే అనుకొన్నాము. ఇంటికి వస్తూ అక్కయ్య ఘంటసాల పాట పెట్టింది. పాట వెనక సీటులోంచి, ఎవరో దొంగతనంగా పాడుతున్నట్టు వినిపించింది. ముందు సీటు స్పీకర్లు మూగపోయాయి. కారులోంచి ఫోను మాట్లాడే మైకూ పోయింది. ఆ కారులో ముందు స్పీకర్ల తీగా, మైకు తీగా ఈ పెట్టెగుండానే వెళతాయట! చచ్చినవాడి పేరుమీద ఇంటి కరెంటు మీటరు ఉన్నట్టన్నమాట. ఇల్లాంటి కార్లు కొన్ని ఉన్నాయని, పెట్టెను తప్పించి తీగలను నేరుగా కలిపే చిన్న జడలాంటి తీగ ఒకటి అమ్ముతారని మెకానిక్కుకు తెలుసు. వారంలో తెప్పించి బిగించాడు. ఘంటసాల ముందుకు వచ్చి కూర్చున్నారు.

ఈలోపల సెలవు దొరికితే వారం రోజులు కారు కదపకుండా ఉంచాము. ఎనిమిదోనాడు అక్కయ్య తాళం తిప్పగానే కారు బుర్రుమన్నది. పక్కింటాయన కిటికీలోంచి చూసి చప్పట్లు కొట్టాడు. పులిహోర మాత్రం ఇక రాదని ఆయనకు బెంగ పట్టుకొన్నదేమో తెలియదు.

మీట స్థానంలో ఏముండాలి అన్నది తరవాతి ప్రశ్న. సెల్‌ఫోను సంచిలో దొర్లకుండా, స్టీరింగు పక్కన చేతికందేచోట పట్టుకొనే బిగింపు ఒకటి పెట్టించాము. పట్టీ కట్టుకొని కూర్చున్నా చెయ్యి అందాలి, అదీ కొలత. 911 కి ఎల్లా పిలవాలో ఫోను తాళం తీయకుండానే సాధన చేయించాను, పిలవకుండా ఆపి. ఆ నంబరు 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలో హేలీవిల్ అనే చిన్న ఊళ్ళో మొదటిసారి మోగింది. ఇప్పుడు అమెరికాలో పసిపిల్లలకు కూడా నోటికి వస్తుంది. నెలసరి చందా లేని సెల్‌ఫోనునుంచి కూడా అక్కడ 911 పలకాలని నిబంధన ఉన్నది. కాని ఆ ఫోను మూడోతరంది అయితే అదీ మూగదే. సొరుగులో పడేసిన పాతఫోను ఆపదకు పనికివస్తుందని ఎవరూ నమ్ముకోకూడదు. కొన్ని కొత్త సెల్‌ఫోనులు కారు గుద్దుకొన్న అదురును తామే గుర్తుపట్టి పిలుస్తున్నాయి. మేనల్లుడు తల్లికి అల్లాంటిదే పంపించాడు. ఎందుకు పంపమన్నానో వాడికి చెప్పలేదు. చెప్పవద్దని అక్కయ్య ఒట్టు పెట్టించుకొన్నది. (ఈ పత్రిక వాడు చదవడని ధైర్యం.)

ఇది అమెరికా గోల గదా, మనకెందుకు అంటారేమో. యూరపులో 2018 మార్చి 31 నుంచి కొత్తరకం కార్లన్నింటికీ ఇల్లాంటి పరికరం చట్టప్రకారం ఉండాలి. అది 112 కు పిలుస్తుంది. అవి చాలావరకు రెండో, మూడోతరం పద్ధతుల్లో మాట్లాడేవే. ఆ పద్ధతులను అక్కడా ఒక్కొక్క దేశం మూసుకొంటూ వస్తున్నది. అంచేత 2026 నుంచి కొత్తరకాల కార్లకు నాలుగు, అయిదో తరాల పరికరాలు ఉండాలన్నారు. చట్టం పెట్టించిన పరికరం గనక, అక్కడ ఉన్నవాళ్ళు ఫ్యూజు పీకేముందు కారు తనిఖీవారిని అడగడం క్షేమం.

మన సంగతీ చూడండి. ఆపదలో పిలిస్తే పలకడం అనేది మనకు కొత్తది కాదు. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న 108 మొదలయింది. ఆ మూడంకెలు ఎన్ని ప్రాణాలు నిలిపాయో పల్లెటూళ్ళవాళ్ళను అడగండి. ఇప్పుడు 112 కూడా ఉన్నది. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయిన టాక్సీలకు, బస్సులకు ఆపద మీట ఉండాలని మన కేంద్రప్రభుత్వ నిబంధన. మన ఇళ్ళముందు నిలిచే కొత్త కార్లలోనూ ఎర్రమీటలు వస్తున్నాయి. చాలావాటికి మొదట కొన్నేళ్ళు చందా ఉచితం. తరవాత కట్టకపోతే మీట ఉంటుంది, పలుకు ఉండదు. కారు అమ్మినవాడు చెప్పడు. పాతకారు కొన్నవాడు అడగడు. మీ కారులో అల్లాంటి మీట ఉంటే, అది ఏ తరం పద్ధతిలో మాట్లాడుతుందో, చందా ఎప్పటిదాకా ఉన్నదో ఒక్కసారి కంపెనీవారిని అడిగి కాగితంమీద రాసి పెట్టుకోండి. ఊరికే సరదాకు మాత్రం నొక్కి చూడకండి. అవతల నిజంగా మనిషి ఉంటే, ఇంకొకరి ఆపద వేళను మీరు దొంగిలించినట్టవుతుంది. దీపం రంగును బట్టి ఏమి తెలుసుకోవాలో పుస్తకంలో రాసి ఉంటుంది. మా అక్కయ్య కారు పుస్తకంలోనూ రాసే ఉన్నది: ఆకుపచ్చ అయితే క్షేమం, ఎరుపయితే లోపం అని. తొమ్మిదేళ్ళలో ఆ పుట ఎవరూ తిప్పలేదు.

మనది తంతివార్తలు చూసిన దేశం. 2013 జులైలో తంతి ఆగిపోయినప్పుడు పత్రికల్లో రాశారు, ఆఖరిరోజున జనం వరస కట్టి తంతులిచ్చి వచ్చారు. అందరికీ తెలిసింది గనక మర్నాడు ఎవరూ తంతి ఇచ్చి జవాబుకోసం ఎదురుచూడలేదు. ఏ ఏర్పాటయినా పోవడం తప్పు కాదు. పోయిన సంగతి దాన్ని నమ్ముకొన్నవాళ్ళ చెవిని వేయాలి. ఒక్క ఉత్తరం, అదీ పోయినవాడి పేరున, చాలదు.

నేను బయలుదేరే ముందురోజు అక్కయ్య ఒక కాగితం, గోంద సీసా తెచ్చి నా ముందు పెట్టింది. "మీట ఉండనీయమన్నాను గదా. రేపు నా మనవడో, పక్కింటావిడో ఈ కారు తోలితే మోసపోకూడదు. దానిమీద అంటించడానికి ఒక మాట రాసి పెట్టు. ఎమ్.ఏ. చదివావుగా" అన్నది.

పాతకాలపు అచ్చుపుస్తకాల్లో అరసున్న ఉండేది. రాతలో ఉంటుంది, నోట పలకదు. చదివేవాడు దాన్ని చూసి గౌరవంగా దాటిపోతాడు. మా క్లాసులో పిల్లలు, "పలకనిదానికి ఎందుకండీ మేష్టారూ అక్కడ చోటు?" అని అడుగుతూంటారు. ఒకప్పుడు అక్కడొక పలుకు ఉండేదని గుర్తుకోసం అని చెబుతూంటాను. ఆ గుర్తును చూసి పలుకే అనుకొంటేనే చిక్కు.

ఇంగ్లీషులో "పనిచేయదు, 911 పిలవండి" అన్న అర్థం వచ్చేటట్టు పెద్ద అక్షరాలతో రాశాను. కింద చిన్నగా తెలుగులో ఒక్క మాట రాశాను: "పలకదు."

అక్కయ్య కళ్ళజోడు సవరించుకొని చదివింది. పెన్ను నా చేతిలోంచి తీసుకొని, ఆ మాటకు ముందు ఇంకో మాట చేర్చింది. ఇప్పుడు ఆ కారులో, అద్దం పక్కన, ఇల్లా ఉన్నది: "ఇప్పుడు పలకదు."

వ్యాకరణరీత్యా అదే సరి. నేను దిద్దలేదు.